సముద్రానికీ ఒక పంచాంగం: అండమాన్ దీవులలో ప్రకృతి యాత్ర

బంగాళాఖాతపు తూర్పు అంచున, ఉత్తరం నుండి దక్షిణానికి ఏడు వందల కిలోమీటర్లకు పైగా, పూసలు గుచ్చినట్లు వ్యాపించి ఉన్న దీవుల మాలకు అండమాన్, నికోబార్ అని పేరు. నీటిపై తల ఎత్తిన శిలలను కూడ లెక్కిస్తే ఇవి ఎనిమిది వందలకు పైబడి ఉన్నవి; కాని మనుష్యులు నివసించేవి నలభైకి లోపే. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులు అడవియే. 1956 నవంబరు 1న ఈ దీవులు కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడినవి. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారినది.

ఒకప్పుడు ఈ దీవుల పేరు వింటే దేశ ప్రజలకు సెల్యులర్ జైలు మాత్రమే స్ఫురించేది. నేడు అక్కడికి వెళ్ళేవారిలో అధికులు పగడపు దిబ్బలను, తాబేళ్ళను, అడవి పక్షులను చూడగోరి వెళ్తున్నారు. అయితే సాధారణంగా యాత్రికుడు మొదట తన సెలవు దినాలను నిర్ణయించుకొంటాడు. తరువాత చూడవలసిన స్థలాల జాబితా వ్రాసుకొంటాడు. ఆ స్థలాలను ఆ దినాలలో ఇమిడ్చే ప్రయత్నం చేస్తాడు. దేవాలయాలకు, కోటలకు ఈ పద్ధతి సరిపోతుంది. కోట ఏ నెలలోనైనా అక్కడే ఉంటుంది. సముద్రం అలా కాదు. తాబేలు గ్రుడ్లు పెట్టడానికి ఒక కాలం, పగడపు దిబ్బ నీటిపైకి కనిపించడానికి ఒక తిథి, పక్షి పలకడానికి ఒక వేళ ఉన్నవి. కనుక ఈ దీవులకు వెళ్ళదలచినవారు ముందుగా అక్కడి సముద్రపు పంచాంగాన్ని తెలుసుకొని, తమ దినాలను దానికి అనుగుణంగా అమర్చుకోవలసి ఉంటుంది. అలా చేయడం వల్ల యాత్రికునికి దర్శనం దక్కుతుంది. అంతకంటె ముఖ్యంగా, చూడబడే జీవానికి హాని తప్పుతుంది.

ఋతువు

నైరుతి ఋతుపవనం కేరళ తీరాన్ని చేరడానికి పది రోజుల ముందుగానే, సాధారణంగా మే నెల మూడవ వారంలో, అండమాన్ సముద్రాన్ని తాకుతుంది. అక్టోబరు తరువాత ఈశాన్య ఋతుపవనం వల్ల కూడ ఇక్కడ వర్షాలు కురుస్తాయి. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదవుతుంది. మే నెలలోను, అక్టోబరు, నవంబరు నెలలలోను తుఫానుల భయం అధికం. కనుక సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉండే కాలం జనవరి నుండి ఏప్రిల్ వరకు అని చెప్పవచ్చును.

ఈ కాలంలో కూడ దీవి నుండి దీవికి పోయే పడవలు గాలి హెచ్చినపుడు నిలిచిపోవడం కద్దు. అందువల్ల తిరుగు ప్రయాణానికి ముందు కనీసం ఒక దినం ఏ పనీ పెట్టుకోకుండ రాజధానిలో గడపడం విజ్ఞత. సమయం చాలదన్న తొందరలో క్రిక్కిరిసిన పడవ ఎక్కడం ఎంతటి అనర్థమో 2014 జనవరి 26న తేటతెల్లమయినది. నాడు పోర్ట్ బ్లెయిర్ సమీపంలో, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకొన్న ఒక పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. ప్రతి ప్రయాణికునికీ రక్షణ కవచం లేని పడవను, తీరం విడువక ముందే నిరాకరించవలెను.

సముద్రపు స్థితిని ముందుగా తెలుసుకొనే సౌకర్యం నేడు అందరికీ ఉన్నది. హైదరాబాదులో 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తును, గాలి వేగాన్ని, ప్రవాహాలను ముందుగా అంచనా వేసి ప్రకటిస్తున్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవులను అతలాకుతలం చేసిన తరువాత, 2007 నుండి సునామీ హెచ్చరికలను జారీ చేసే బాధ్యతను కూడ ఈ కేంద్రమే నిర్వహిస్తున్నది. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమి మీద నున్న నగరం నుండి అండమాన్ జాలరికి సముద్ర వార్త అందుతున్నదన్నమాట.

తిథి

అమావాస్యకు, పున్నమికి సముద్రం పొంగుతుందని, అష్టమినాడు పోటు తగ్గుతుందని కోస్తా జాలరులకు తరతరాలుగా తెలుసు. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేసినపుడు పోటు ఎక్కువగా పెరిగి, ఆటు ఎక్కువగా తగ్గుతుంది. అండమాన్ తీరంలో అటువంటి రోజులలో ఆటుకు, పోటుకు మధ్య నీటి మట్టంలో సుమారు రెండు మీటర్ల వ్యత్యాసం ఏర్పడుతుంది. దినానికి రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకు, మరొక పోటుకు నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు గడుస్తుంది. అందువల్ల ఈ వేళలు దినదినానికి సుమారు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతూ ఉంటాయి.

ఈ లెక్క తెలియనివారు చూడవలసినదానిని చూడలేకపోతారు. శహీద్ ద్వీపంలో లక్ష్మణ్‌పూర్ తీరాన సహజంగా ఏర్పడిన శిలా తోరణం ఉన్నది. ఆటు సమయంలో మాత్రమే అక్కడికి సులభంగా నడచి పోవచ్చును. రాళ్ళ నడుమ మిగిలిన నీటి మడుగులలో సముద్రపు దోసకాయలు, నక్షత్ర చేపలు, చిన్న పీతలు అప్పుడే కనిపిస్తాయి. పోటు వేళ చేరినవారికి నీరు తప్ప మరేమీ కనిపించదు. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ వద్ద రాస్, స్మిత్ అనే జంట దీవులను కలిపే ఇసుక దారి కూడ నీరు తగ్గినపుడే పూర్తిగా బయటపడుతుంది. ఇందుకు విరుద్ధంగా, పగడపు దిబ్బలపై ఈదగోరేవారికి నీరు బాగా ఉన్న వేళ అనుకూలం. నీరు తక్కువగా ఉన్నపుడు ఈదేవారి కాళ్ళు పగడాలకు తగులుతాయి.

చీకటి రాత్రులకు మరొక ప్రత్యేకత ఉన్నది. స్వరాజ్ ద్వీపం చుట్టూ ఉన్న నీటిలో కొన్ని సూక్ష్మజీవులు, నీరు కదిలినపుడు నీలి కాంతిని వెలువరిస్తాయి. వెన్నెల రాత్రులలో ఈ వెలుగు కనుమరుగవుతుంది. అమావాస్యకు దగ్గరి రాత్రులలో స్పష్టంగా కనిపిస్తుంది. కనుక యాత్రకు బయలుదేరేవారు ఆటుపోట్ల పట్టికతో పాటు ఇంటి గోడ మీది పంచాంగాన్ని కూడ ఒకసారి చూడడం మేలు. భారత సర్వే శాఖ ప్రతి సంవత్సరం ఆటుపోట్ల పట్టికలను ప్రచురిస్తున్నది.

వేళ

భారతదేశపు ప్రామాణిక కాలం తూర్పు రేఖాంశం 82½ డిగ్రీలను అనుసరించి ఉన్నది. ఈ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ సమీపం గుండా పోతుంది. శ్రీ విజయపురం ఆ రేఖకు సుమారు పది డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. డిసెంబరు నెలలో సాయంకాలం అయిదు గంటలకే పొద్దు క్రుంకుతుంది. భోజనం ముగించి తీరికగా బయలుదేరవచ్చునని భావించేవారికి సగం దినం వృథా అవుతుంది. తెల్లవారక ముందే లేవడం ఇక్కడి యాత్రకు మొదటి నియమం.

పక్షులను చూడగోరేవారికి ఇది మరింత వర్తిస్తుంది. ప్రధాన భూభాగంతో సంబంధం లేని దీవులు కావడం వల్ల, ప్రపంచంలో మరెక్కడా కానరాని పక్షిజాతులు ఇక్కడ రూపొందినవి. అండమాన్ నల్ల వడ్రంగి పిట్ట, అండమాన్ అడవి పావురం వాటిలో కొన్ని. నార్కొండం అనే చిన్న అగ్నిపర్వత దీవి, సుమారు ఏడు చదరపు కిలోమీటర్ల వైశాల్యం గలది, తన పేరనే ఒక కొమ్ముముక్కు పక్షికి ఏకైక నివాసం. అది సామాన్య యాత్రికులు చేరగల చోటు కాదు. రాజధానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిడియా టాపు అడవిలో సూర్యోదయ వేళ రెండు గంటలు నిశ్శబ్దంగా గడిపితే చాల జాతులను చూడవచ్చును. పక్షుల కూతలను యంత్రం ద్వారా వినిపించి వాటిని రప్పించడం గూడు కట్టుకొనే కాలంలో వాటికి హాని చేస్తుంది.

నీటి అడుగున

పగడపు దిబ్బ రాయివలె కనిపించినా అది జీవుల నిర్మాణం. గోటి కొన అంత ఉండే కోట్లాది జీవులు సున్నపు గూళ్ళు కట్టుకొంటూ పోగా ఈ దిబ్బలు ఏర్పడినవి. వాటి శరీరంలో నివసించే ఏకకణ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారు చేసి పగడానికి పంచి ఇస్తాయి. దిబ్బకు రంగును ఇచ్చేవి కూడ ప్రధానంగా అవే. వేసవిలో నీటి ఉష్ణోగ్రత సాధారణ గరిష్ఠానికి ఒక డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిచినా పగడం ఈ శైవలాలను వెలివేస్తుంది. అప్పుడు దిబ్బ తెల్లబోతుంది. వేడి త్వరగా తగ్గకపోతే మరణిస్తుంది. అండమాన్ దిబ్బలు 1998లోను, 2010లోను, 2016లోను ఈ విధంగా తీవ్రంగా దెబ్బ తిన్నవి. 2004 నాటి భూకంపం ఉత్తర అండమాన్ పడమటి తీరాన్ని పైకి ఎత్తివేయగా, అక్కడి దిబ్బలు నీటి వెలుపల ఎండిపోయినవి.

బండవలె పెరిగే పగడాలు సంవత్సరానికి ఒక సెంటీమీటరుకు అటూఇటూగా మాత్రమే పెరుగుతాయి. తలకాయంత పగడం ఒక తరం మానవుని ఆయుష్షులో సగం. దాని మీద ఒక్క క్షణం నిలబడిన పాదం ఆ కాలాన్నంతా తుడిచివేయగలదు. అందువల్ల ఈత బాగా రానివారు మొదట ఇసుక నేల మీద, లోతులేని నీటిలో ముఖానికి అద్దం, నోటికి గొట్టం అమర్చుకొని ఈదడం అభ్యసించి, ఆ తరువాతనే దిబ్బల వైపు పోవలెను. స్నార్కెలింగ్ అనే ఈ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. నీటిలోకి దిగడానికే భయపడేవారికి అడుగు భాగాన అద్దం అమర్చిన పడవలు ఉన్నవి. ఎండ తగులకుండ ఒంటికి లేపనం పూసుకొనడానికి బదులు పొడుగు చేతుల చొక్కా ధరించడం ఉత్తమం. కొన్ని లేపనాలలోని రసాయనాలు పగడాల పిల్లలకు హాని చేస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు.

గాలి సిలిండరుతో లోతుకు దిగే స్కూబా డైవింగ్ విషయంలో మరొక లెక్క తప్పనిసరి. లోతున ఒత్తిడి వల్ల రక్తంలో కరిగిన నత్రజని పూర్తిగా వెలువడడానికి సమయం కావలెను. అంతకు ముందే విమానం ఎక్కితే అది బుడగలై ప్రాణాపాయం కలిగించవచ్చును. ఒకసారి దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు ఆగవలెనని నిపుణుల సూచన. పూర్తి దినం ఆగడం క్షేమకరం. అనగా డైవింగ్ యాత్ర నడుమ ఉండవలెను, చివర కాదు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి వ్యాధులు గలవారు బయలుదేరక ముందే వైద్యుని సంప్రదించవలెను.

రాజధానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన వండూర్ వద్ద, 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఉన్నది. పదిహేను దీవులతో కూడిన ఈ ఉద్యానవనంలో యాత్రికులకు తెరచేవి ముఖ్యంగా రెండు: జాలీ బాయ్, రెడ్ స్కిన్. వర్షాలు వెలిసిన నెలలలో మొదటిది, వర్షకాలంలో రెండవది తెరుస్తారు. ఒకటి తెరచి ఉన్నపుడు రెండవదానికి విశ్రాంతి. జాలీ బాయ్‌లోనికి ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకొనిపోవడం నిషిద్ధం. అటవీ శాఖ అనుమతి ముందుగా పొందవలసి ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పగడాన్ని సేకరించడం నేరం. తీరాన పడి ఉన్న ఎండు ముక్కను జ్ఞాపకార్థం సంచిలో వేసుకొనడం కూడ నేరమే.

తాబేళ్ళు, మొసళ్ళు

ఈ దీవులలో నాలుగు జాతుల సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెడతాయి. వాటిలో పెద్దదైన లెదర్‌బ్యాక్ అయిదు వందల కిలోగ్రాముల బరువును మించి పెరుగుతుంది. కోస్తా ఆంధ్ర తీరానికి కూడ వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఉత్తర అండమాన్‌లో కాలీపూర్ వద్ద, మధ్య అండమాన్‌లో రంగత్ సమీపాన కుత్‌బర్ట్ తీరంలో శీతాకాలపు రాత్రులలో ఒడ్డుకు చేరుతుంది. ఒకసారికి సుమారు వంద గ్రుడ్లను ఇసుకలో పూడ్చి, తిరిగి సముద్రంలోనికి పోతుంది. నలభై అయిదు నుండి అరవై రోజులకు పిల్లలు వెలువడుతాయి. కనుక ఫిబ్రవరి నెలలో వెళ్ళినవారికి గ్రుడ్లు పెట్టే తల్లి, సముద్రం వైపు పరుగు తీసే పిల్లలు, రెండూ కనిపించే అవకాశం ఉన్నది.

అయితే ఆ దృశ్యం చూడడం అటవీ సిబ్బంది వెంట ఉన్నపుడే తగును. ఇసుకను త్రవ్వక ముందు మనిషి అలికిడి విన్నా, దీపం కనిపించినా తల్లి తాబేలు గ్రుడ్లు పెట్టకుండనే వెనుదిరుగుతుంది. పిల్లలు సముద్రం మీది లేత వెలుగును అనుసరించి దారి తెలుసుకొంటాయి. ఒడ్డున విద్యుద్దీపం కాని, ఛాయాచిత్రాల కోసం మెరిపించిన కాంతి కాని ఉంటే అవి వ్యతిరేక దిశలో నడచి, తెల్లవారేసరికి ఎండకు, కాకులకు, కుక్కలకు బలి అవుతాయి.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులను చూసినవారికి అండమాన్ మడ అడవులు పరిచితంగానే తోచవచ్చును. కాని ఇక్కడి వాగులలో ఉప్పునీటి మొసలి నివసిస్తుంది. అది సముద్రంలో కూడ దూరం ఈదగలదు. 2010 ఏప్రిల్‌లో స్వరాజ్ ద్వీపం వద్ద ఈదుతున్న ఒక విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో మరణించినది. వాగులు సముద్రంలో కలిసే చోట్ల, తెల్లవారు జామున, మునిమాపు వేళ నీటిలో దిగరాదు. హెచ్చరిక పలకలను అలంకారాలుగా భావించరాదు. మాంసపు వ్యర్థాలను నీటిలో పారవేయడం మొసలిని మనుష్యుల చెంతకు పిలవడమే. మొసలి తన చోట ఉన్నది. అక్కడికి వచ్చినది యాత్రికుడు.

పోకూడని చోట్లు

యాత్రా ప్రణాళికలో చూడవలసిన చోట్లతో సమానంగా, పోకూడని చోట్లను కూడ వ్రాసుకోవలెను. 1956 నాటి ఆదిమ జాతుల సంరక్షణ నిబంధనల ప్రకారం కొన్ని ప్రాంతాలు ఆదివాసులకు ప్రత్యేకింపబడినవి. నికోబార్ దీవులకు సామాన్య యాత్రికులను అనుమతించరు. ఉత్తర సెంటినెల్ దీవికి అయిదు నాటికల్ మైళ్ళ పరిధిలోనికి ఎవరూ పోరాదు. 2018 నవంబరులో ఈ నియమాన్ని ధిక్కరించి అక్కడ దిగిన ఒక విదేశీయుడు ప్రాణాలు కోల్పోయాడు.

ఈ నియమాలకు మూలం భయం కాదు, అనుభవం. పందొమ్మిదవ శతాబ్దిలో వేల సంఖ్యలో ఉండిన గ్రేట్ అండమానీయులు, బయటి నుండి వచ్చిన వ్యాధుల వల్ల క్షీణించి, 1961 జనాభా లెక్కలనాటికి 19 మంది మాత్రమే మిగిలారు. జారవా ప్రజలలో 1999లోను, 2006లోను తట్టు వ్యాపించినది. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే రోడ్డు జారవాల అడవి గుండా పోతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళలలో రక్షణతో కలసి పోవలెను; మధ్యలో ఆగడం, ఛాయాచిత్రాలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం శిక్షార్హం. మనుష్యులు వన్యమృగాల వలె దర్శనీయ వస్తువులు కారు. వారిని చూడాలన్న కోరిక యాత్రకు కారణం కారాదు.

పది రోజుల ప్రణాళిక

పైవన్నీ గమనించిన తరువాత పది రోజుల యాత్ర ఈ విధంగా రూపొందవచ్చును. ఫిబ్రవరిలో, అమావాస్య నడుమ వచ్చేట్లు, దినాలు ఎంచుకోవలెను. మొదటి దినం రాజధానిలో నౌకాదళం వారి సముద్రిక ప్రదర్శనశాలను చూస్తే, తరువాత నీటిలో కనిపించే జీవులను గుర్తించడం సులభమవుతుంది. రెండవ దినం ఉదయం చిడియా టాపు పక్షులు. మూడవ దినం వండూర్ ఉద్యానవనం. నాలుగు నుండి ఆరవ దినం వరకు స్వరాజ్ ద్వీపంలో ఈత, డైవింగ్. ఏడవ దినం, ఎనిమిదవ దినం శహీద్ ద్వీపంలో ఆటు వేళను బట్టి తీరపు నడక. తొమ్మిదవ దినం రాజధానికి తిరిగి వచ్చి విశ్రాంతి. పదవ దినం తిరుగు ప్రయాణం.

తాబేళ్ళను చూడగోరేవారు దక్షిణపు దీవులను తగ్గించుకొని, సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న డిగ్లిపూర్‌కు నాలుగు రోజులు కేటాయించవలెను. దీవులలో అత్యున్నతమైన, 732 మీటర్ల సాడిల్ శిఖరం కూడ అక్కడనే ఉన్నది. పది రోజులలో ఉత్తరం, దక్షిణం రెండూ చూడగోరితే అధిక కాలం పడవలలో, బస్సులలో గడచిపోతుంది. విశాఖపట్నం నుండి ఓడలో వెళ్ళేవారు రానుపోను సుమారు ఆరు రోజులు అదనంగా లెక్కించుకోవలెను.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం ప్రజల మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు వారిలో అనేకం. బెంగాలీ, తమిళం, హిందీ, మలయాళం, నికోబారీ మాట్లాడేవారి నడుమ వారు జీవిస్తున్నారు. రేవులో వల బాగుచేసుకొంటున్న ఏ వృద్ధుని అడిగినా, ఆనాటి ఆటు ఎప్పుడో, గాలి ఏ దిక్కుకు తిరుగుతుందో పట్టిక చూడకుండనే చెప్పగలడు. ఆ మాట విని పడవ ఎక్కేవాడు మంచి యాత్రికుడు.

ఈ ఫిబ్రవరిలో కాలీపూర్ ఇసుక నుండి సముద్రంలోనికి దిగిన తాబేలు పిల్ల, బ్రతికితే, పది పదిహేను సంవత్సరాల తరువాత గ్రుడ్లు పెట్టడానికి తాను పుట్టిన తీర ప్రాంతానికే తిరిగి వస్తుంది. అప్పటికి నేటి విద్యార్థులు తమ పిల్లలను వెంటబెట్టుకొని ఆ దీవులకు వెళ్ళే వయస్సులో ఉంటారు. ఆ రాత్రి ఒడ్డు చీకటిగా, నిశ్శబ్దంగా ఉంటేనే ఆ తాబేలు నేల మీదికి వస్తుంది.